పొగ జాగ్రత్త

ఆ ఉదయం పొగాయన పెట్టుకున్నది చిన్న పనే. తొందరగా ఆఫీసుకు వెళ్లడం, యంత్రం నడిపించడం, పెద్దాఫీసు నుంచి వచ్చే అధికారులకు గుప్పెడు ప్లాస్టిక్ పూసలు చూపించి సాగనంపడం. ఆయనకు ఆ పేరు తోటివాళ్లు పెట్టారు. లోకమంతా పొగను తిట్టుకుంటుంటే ఈయనొక్కడే దాన్ని ముద్దు చేస్తాడు మరి. పరిశోధనశాల పక్కనే ఉన్న బిస్కెట్ల ఫ్యాక్టరీ గొట్టంలోంచి పైపుతో పొగ లాగి, అందులోని బొగ్గుపులుసు వాయువును పట్టి, దానికి మరో రసాయనం కలిపి ప్లాస్టిక్ చేయడం ఆయన పని. ఇవాళ యంత్రం నడిస్తే పరిశోధన ఉంటుంది. నడవకపోతే ఆయన్ను మళ్లీ రంగుల విభాగానికి పంపేస్తారు. అక్కడ ఉద్యోగమంటే గోడకు వేసిన రంగు ఎండేదాకా చూస్తూ కూర్చోవడం.

ఫ్యాక్టరీలో బాయిలరు చూసేది స్వయానా బావమరిదే. అయినా ఇద్దరికీ మాటల్లేవు. బావమరిది అరువు తీసుకున్న గొడుగు విరిగి తిరిగొచ్చిన దగ్గర్నుంచి అలక నడుస్తోంది. అందుకని పొగాయన బూట్లు వేసుకుంటూ భార్యతో చెప్పాడు.

"ఇవాళ పెద్దాఫీసు వాళ్లు పొగ చూడ్డానికి వస్తున్నారు. పొగ సంగతి కాస్త జాగ్రత్తగా చూసుకోమని మీ తమ్ముడికి చెప్పు."

ఆవిడ అక్షరం పొల్లుపోకుండా ఫోనులో చెప్పింది. తమ్ముడు అక్షరం పొల్లుపోకుండా విన్నాడు. బాయిలరు దగ్గర పనిచేసేవాడికి, పెద్దాఫీసు వాళ్లు పొగ చూడ్డానికి వస్తున్నారంటే ఒకటే అర్థం, కాలుష్యం తనిఖీ. బావ కోపమంతా దిగమింగుకుని ముందుగా కబురు పంపాడు కదా అని అతనికి కళ్లు చెమర్చాయి. పరుగెత్తి మేనేజరుకు చెప్పాడు. మేనేజరుకు గుండె గుభేలుమంది. బాయిలరు ఆర్పేశారు, పొయ్యిలు చల్లారాయి, కలిపిన పిండి కలిపినట్టే ఉండిపోయింది. బిస్కెట్లు చేసేవాళ్లందరి చేతికీ చీపుర్లొచ్చాయి.

పొగాయన పరిశోధనశాల మేడ మీదికెక్కి చూసేసరికి గొట్టం చివర నీలాకాశం తప్ప ఏమీ లేదు. కింద యంత్రం ఉత్త గాలి పీల్చుకుంటోంది, పూస ఒక్కటీ రాలడం లేదు. ఆయన ఉన్నపళంగా పక్క గేటుకు పరుగెత్తాడు. కాపలావాడు లోపలికి పోనివ్వలేదు. బావమరిది వచ్చాడు గానీ, బావ వెనక అధికారులు నక్కి ఉన్నారేమోనన్న అనుమానంతో ముక్కూమొహం తెలియనివాడితో మాట్లాడినట్టు మాట్లాడాడు.

"పొగా? మా దగ్గర పొగ ఎప్పుడూ లేదండీ."

పొగాయన గొంతు తగ్గించి బతిమాలాడు. గొడుగు సంగతి ఎప్పుడో మరిచిపోయానన్నాడు, కావాలంటే ఇంకోటి కూడా విరుచుకోమన్నాడు. చివరికి గేటు కమ్మీలు పట్టుకుని అసలు మాట అనేశాడు.

"నీకు పుణ్యముంటుంది, కాస్త పొగ పెట్టవయ్యా."

సరిగ్గా ఆ మాటే మేనేజరు చెవిన పడింది. బావాబావమరుదులు కలిసి తన ఉద్యోగానికే పొగ పెడుతున్నారని ఆయన తీర్మానించుకున్నాడు. బాయిలరు గదికి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. అంతటితో ఆగక పెద్దాఫీసు వాళ్లకు తానే ఎదురెళ్లి, తమ ఫ్యాక్టరీలో పొగన్నది మచ్చుకైనా లేదని మొరపెట్టుకున్నాడు.

పొగాయన కాళ్లీడ్చుకుంటూ వెనక్కొచ్చేసరికి వాళ్లు మేడ మీదున్నారు. అందరికంటే పెద్ద అధికారిణి, మేడమ్, కళ్లజోడు సర్దుకుని గొట్టం వంక తదేకంగా చూస్తోంది. రంగుల విభాగంలోని పాత కుర్చీ ఆయన కళ్ల ముందు మెదిలింది. చాలా దిగులేసింది.

"పోయినసారి వచ్చినప్పుడు ఇది నల్లగా కక్కుతుండేది," అందావిడ. "మొత్తం పట్టేశారన్నమాట."

పొగాయన నిజమే చెప్పాడు. తమ యంత్రానికి అంత శక్తి లేదని, పొగ ఆపింది తన బావమరిది అని వివరించబోయాడు. ఇంత సాధించి గొప్పంతా పక్కవాళ్లకు కట్టబెట్టే మనిషిని తానెక్కడా చూడలేదని మేడమ్ మెచ్చుకుంది. పూసల ఊసే ఎత్తలేదు. పరిశోధన కొనసాగించమని అక్కడికక్కడే చెప్పేసింది, ఒక్క షరతు మీద. ఆ గొట్టంలోంచి ఇకముందు పొగ కనిపించకూడదు.

వాళ్లు వెళ్లాక బావమరిది మొహం చేటంత చేసుకుని వచ్చాడు. మేడమ్ పోతూ పోతూ మేనేజరు భుజం కూడా తట్టిందట. ఆయన ఉబ్బితబ్బిబ్బయి పెద్ద నిర్ణయమే తీసుకున్నాడట.

"బొగ్గు బాయిలరు పీకేస్తున్నారు బావా. ఇక అన్నీ కరెంటు పొయ్యిలే. అంతా నీ చలవే."

మర్నాడు పొగాయన యంత్రానికి దుమ్ము పట్టకుండా గుడ్డ కప్పి, మంచి పొగ వచ్చే గొట్టం కోసం ఊరు వెతకడానికి బయల్దేరాడు.