రచయితను ఊడబీకే విధానం

మనం ప్రాణంలా ప్రేమించిన రచయిత పరమ దుర్మార్గుడని ఒకానొక ఉదయం తేలడం కంటే పాఠకుడికి గొప్ప అదృష్టం మరొకటి లేదు! నవ్వకండి. అనుభవం మీద చెబుతున్నాను.

రెండు వారాల క్రితం వరకు నా బతుకు దుర్భరంగా ఉండేది. మా అమ్మాయికి ఓడల ఇంజినీరింగులో సీటొచ్చింది. కాలేజీ ఎక్కడో లేదు, రైల్లో పద్దెనిమిది గంటలు కూర్చుంటే వచ్చేస్తుంది! హాస్టల్ ఫారం తెచ్చి సంతకం పెట్టమంది. శుక్రవారంతో గడువు ఆఖరు. నేనేమో వారం వారం పత్రికలో కాలమ్ రాసేవాణ్ణాయె! పెట్టనంటే పాతకాలపువాణ్ణి అవుతాను. పెడితే పిల్ల వెళ్ళిపోతుంది. ఫారాన్ని డ్రాయర్లో పడేసి, "చూద్దాంలే తల్లీ" అన్నాను.

సరిగ్గా అప్పుడే నన్ను ఆదుకున్నాడండీ, నా అభిమాన రచయిత!

ఆయన నవలని నేను ఇరవై రెండు సార్లు చదివాను. ఒక రైల్వే గుమాస్తా కూతురు, చుట్టాలంతా కాదన్నా, డాక్టరీ చదవడానికి ఒంటరిగా రైలెక్కే కథ. మా అమ్మాయి చేత పన్నెండో ఏట నేనే చదివించాను. రచయిత పోయి ముప్పయ్యేళ్ళయింది. పోయినవాణ్ణి పోనివ్వచ్చు కదా? ఎవరో పాత పత్రికల కట్టలోంచి ఆయన ఇంటర్వ్యూ ఒకటి తవ్వి తీసి ఫోన్లలోకి వదిలారు. అందులో ఆయనగారు సెలవిచ్చింది ఇదీ: "ఆడపిల్లని దూరాభారం పంపి చదివించేవాడు తండ్రి కాడు, తెలివితక్కువవాడు. మా అమ్మాయిల్ని నేను వీధి చివరి బడి దాటనివ్వలేదు."

కోపంతో ఊగిపోయాను. ఎంత హాయిగా ఉందో చెప్పలేను! పక్కవాడి పాపం మీద వచ్చినంత శుభ్రమైన కోపం మన తప్పుల మీద ఎప్పుడైనా వస్తుందా? గ్రూపుల్లో మూడు పోస్టులు పెట్టాను. ఆఫీసు క్యాంటీన్‌లో రెండు ఉపన్యాసాలు దంచాను. "వదిలెయ్ బావా, ఎప్పుడో పోయాడు కదా" అన్న పాపానికి బావమరిదితో మాటలు మానేశాను.

"నాన్నా, ఫారం?" అని మా అమ్మాయి గుమ్మంలో నిలబడింది.

"ఒక పక్క సాహిత్యం తగలబడిపోతుంటే ఫారం ఏంటమ్మా!" అన్నాను.

చూశారా లాభం? రోజుకోసారి అడిగేది. రోజుకో కొత్త ఆవేదనతో తప్పించుకునేవాణ్ణి. సంతకం గురించి ఆలోచించే తీరికే లేకపోయింది.

కానీ పుస్తకాన్ని ఏం చెయ్యాలి? పారేద్దామంటే చేతులు రావు. అట్ట తిప్పితే చాలు, ఫోటోలోంచి ఆయన నవ్వుతుంటాడు. రాత వేరు, రాసినవాడు వేరు అంటారు కదా, ఊరికే అనడమెందుకు, ఇద్దర్నీ నిజంగానే వేరు చేయిద్దామని పుస్తకం చంకలో పెట్టుకుని బైండరు దగ్గరికి వెళ్ళాను.

"మొదటి పేజీలో ఈయన బొమ్మ ఉంది చూడు, దాన్ని ఊడబీకెయ్. కథ మాత్రం ఉంచు" అన్నాను.

బైండరు గోళ్ళ నిండా జిగురు. పుస్తకం తెరిచి, నడుము దగ్గర బొటనవేలితో నొక్కి చూశాడు.

"ఇది కుట్టిన పుస్తకమండీ. ఈ పదహారు పేజీలూ ఒకే కాగితం మడతలు. ఇక్కడ ఒకటో పేజీ లాగితే అక్కడ పదిహేనోది ఊడొస్తుంది. రెండూ ఒకటే ముక్క."

పదిహేనో పేజీ! తండ్రి తన కూతురి ట్రంకుపెట్టెని భుజాన పెట్టుకుని ప్లాట్‌ఫారం దాకా మోసేది ఆ పేజీలోనే. ఇరవై రెండు సార్లూ నేను కళ్ళు తుడుచుకున్నది అక్కడే.

"మరి ఎలాగయ్యా?"

"ఉంచుకుంటే రెండూ ఉంచుకోండి. తీసేస్తే రెండూ తీసెయ్యండి. రాసినవాళ్ళ గుణగణాలు చూసి కుట్టాలంటే నా సూది ఎప్పుడో తుప్పు పట్టేదండి."

ఈ తత్వం మోసుకుని గురువారం సాయంత్రం ఇల్లు చేరాను. మా ఆవిడ కూరగాయలు తరుగుతోంది. అమ్మాయి బట్టలు మడతపెడుతోంది. మధ్యలో నిలబడి వాపోయాను. "కథలో అంత గొప్ప తండ్రిని పుట్టించినవాడు, సొంత కూతుళ్ళ దగ్గరికొచ్చేసరికి అంత చెడ్డ తండ్రి ఎలా అయ్యాడో!"

అమ్మాయి తలెత్తింది. "ఆయన కనీసం నోటితో అన్నాడు నాన్నా. నువ్వు సంతకం పెట్టకుండా అంటున్నావు."

డ్రాయర్ లాగి ఫారం బయటికి తీశాను. "ఏదీ, పెన్ను తే!" అన్నాను, కోట గెలిచినవాడిలా.

"అది జిరాక్సండీ" అంది మా ఆవిడ, కత్తిపీట మీంచి తల తిప్పకుండానే. "అసలుది పోయిన మంగళవారమే పంపించేశాం. తండ్రి లేదా తల్లి అని అడుగున రాసుంది. నేను పెట్టాను."

నవలని ఇరవై రెండు సార్లు చదివినవాణ్ణి, ఒకటిన్నర పేజీల ఫారాన్ని అడుగుదాకా చదవలేదు!

"మరి రోజూ నన్నెందుకు అడిగావే?" అన్నాను అమ్మాయితో.

"నువ్వు పెడతావేమోనని."

నిష్ఠూరంగా అన్నా బాగుండేది. మామూలుగానే అంది, చొక్కా మడతపెడుతూ. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ రచయిత కూతుళ్ళు కూడా ఇలాగే కొన్నాళ్ళు అడిగి, మానేసి ఉంటారు.

కాబట్టి పాఠకులారా, ఒక సవరణ. రచయిత బుద్ధి బయటపడటం అదృష్టమే, ఆ రచయిత ఇంకొకడైతే! ఆడపిల్లల చదువు మీద నేను రాసిన పద్నాలుగు కాలమ్స్ మీకు నచ్చితే సంతోషం, కత్తిరించి దాచుకోండి. మా ఇంటికొచ్చి మా అమ్మాయిని మాత్రం నా గురించి అడక్కండి. అయినా ఆదివారం తర్వాత అడుగుదామన్నా ఇంట్లో ఉండదు లెండి.