అటెంతో ఇటూ అంతే

పిల్లల్ని డ్రాయింగ్ కోచింగ్‌లో చేర్పించని తల్లిదండ్రుల మీద కేసు పెట్టాలండీ! నేనేమీ వేళాకోళమాడటం లేదు. కాగితం చేతికిస్తే చాలు, ఓ మూల ఏనుగంత చీమని గీసి మిగతాదంతా గాలికొదిలేసే పిల్లలు, రేపు పెద్దయ్యాక దేశాన్ని ఎటు ఒరిగిస్తారో ఎవరికి తెలుసు?

మా సీతమ్మధారలో ఆ బెంగ లేదు. భీమశంకరరావు మాస్టారి ఆర్ట్ అకాడమీ ఉంది. ఆయన సూత్రం ఒక్కటే. కాగితాన్ని నిలువునా మడత పెట్టు, మడతకి అటెంతుంటే ఇటూ అంతే ఉండాలి. బేలెన్స్! అటు కొబ్బరిచెట్టు వేస్తే ఇటూ కొబ్బరిచెట్టే. అటు కాకి వాలిందా, ఇటూ వాలి తీరాలి. సూర్యుడు ఒక్కడే కాబట్టి సరిగ్గా మడత మీద ఉదయిస్తాడు. మన సముద్రం మీద రోజూ అలా ఉదయించడం లేదంటే అది సూర్యుడి క్రమశిక్షణ లోపం! సింహాచలం కొండ గీస్తే పక్కనే ఇంకో సింహాచలం. ఒక్క టికెట్టుకి రెండు దర్శనాలు, చేదా?

మా ఎదురింటి సూర్యకళ తన కూతురు ఆశని అక్కడే చేర్పించింది. సూర్యకళ జాలారిపేట ఆడపడుచు. వాళ్లయ్య తాతబాబు ఇప్పటికీ సముద్రం మీద చేపల వేటకి వెళతాడు. చిన్నప్పుడు తను రంగుపెన్సిలు మొహం ఎరగదు కాబట్టి, కూతురికి సిటీ పోటీలో ప్రైజు రావాలని, పేపర్లో ఫొటో పడాలని ఆవిడ ఆశ. తప్పేముంది?

కోచింగ్‌కి ముందు ఆ పిల్ల ఏం గీసేదో చూస్తే మీకు జాలేస్తుంది. ఒకసారి పెద్దవల లాగుడు గీసింది. ఎడమపక్క ఒడ్డు మీద జనమే జనం, ఒకరి మీద ఒకరు పడిపోయేట్టు, తాడు పట్టుకుని వెనక్కి వాలిపోయి. కుడిపక్కంతా ఉత్త నీళ్లు. ఎక్కడో ఆ చివర, నీళ్లలో ఉన్న వల మీద ఎగురుతూ ఒక్కగానొక్క పిట్ట. ఆ బొమ్మ చూస్తూ చూస్తూ సూర్యకళ తనకి తెలీకుండానే కాస్త వెనక్కి వాలింది. అరచేతులు మండినట్టయ్యాయి. చూసినవాళ్ల చేతులు మండించే బొమ్మ కూడా ఒక బొమ్మేనా, చోద్యం కాకపోతే!

మాస్టారు దాన్ని సరిచేశారు. కుడిపక్క నీళ్లలోకి కూడా సరిగ్గా అంతమందినే దింపి, వాళ్ల చేతికీ ఓ తాడిచ్చారు.

సూర్యకళ ఆ బొమ్మని ఫ్రేము కట్టించి మరీ వాళ్లయ్యకి చూపించింది. తాతబాబు దాన్ని దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు.

"ఈల్లెవులే అమ్మా? మన వల మనం లాక్కుంటంటే నీల్లలోంచి ఎదురు లాగతన్నారేటి? ఆటల పోటీయా?" అని పగలబడి నవ్వాడు.

"ఊరుకో అయ్యా, అది బేలెన్సట," అంది సూర్యకళ. అంది గానీ మొహం చిన్నబోయింది.

"నేను చెప్పాను తాతా, అటువైపు ఎవరూ ఉండరని. ఖాళీ వదలకూడదన్నారు మాస్టారు," అంది ఆశ.

ఆ మాట సూర్యకళకి ముల్లులా గుచ్చుకుంది. ఆ ఆదివారమే బీచ్‌రోడ్డులో పోటీ. పిల్లని లోపలికి పంపే ముందు చెవిలో చెప్పింది: "ఇక్కడ మాస్టారు లేరు కదేటి. ప్రైజు పోతే పోనీ. నీకు నచ్చినట్టు గియ్యే, నా తల్లివి కదూ!"

ఆశ బుద్ధిగా తలూపి వెళ్లి కూర్చుంది. కాగితం నిలువునా మడత పెట్టింది. ఎడమపక్క పెన్సిలు ఆనించి, కుడిపక్కకి చూసి, తీసేసింది. కుడిపక్క ఆనించి, ఎడమకి చూసి, తీసేసింది. తక్కిన పిల్లలంతా అటో పడవ ఇటో పడవ చకచకా దింపేస్తున్నారు. బెల్లు కొట్టారు. ఆశ కాగితం తెల్లగా ఉంది.

"ఏటే, ఏటీ గియ్యలేదేటి?"

"ఇటు గీస్తే అటు ఖాళీ అయిపోతుంది కదమ్మా!"

సూర్యకళ అక్కడే ఇసకలో కూలబడి, పిల్లని ఒళ్లోకి లాక్కుని ఏడ్చింది. పక్కనున్నవాళ్లు పాపం ప్రైజు రాలేదనుకున్నారు.

నేను మాత్రం జడ్జీల దగ్గరికెళ్లి గట్టిగా వాదించాను. ఫస్టు ప్రైజు ఆ తెల్లకాగితానికే ఇచ్చి తీరాలన్నాను. అందుకోడానికి భీమశంకరరావు మాస్టారినే స్టేజీ ఎక్కించమన్నాను. గీసింది ఆయనే కదండీ!