దోమలు లేని దోమల సంస్థ

ఇలోయిలో అనే నగరంలోని డెంగీ పరిశోధన సంస్థను పునర్వ్యవస్థీకరించడమైనదనీ, ఇక డెంగీకి నూకలు చెల్లినట్లేననీ తెలియజేయడానికి మిక్కిలి సంతోషిస్తూ ఒక ప్రకటన వెలువడింది. కొత్త ఏర్పాటు ప్రకారం సంస్థకు తొమ్మిదిమంది ఉపసంచాలకులు, వారిని సమన్వయపరచడానికి ఒక సంఘం, ఆ సంఘంలో తగాదాలు తీర్చడానికి మరో సంఘం ఉంటాయి. దోమలను చూసుకోవడానికి డాక్టర్ సోలెదాద్ పగుంతాలన్ ఉంటుంది.

ఏడేళ్ళుగా ఉంటూనే ఉంది. కుట్టినా డెంగీ అంటించని దోమల సంతతిని ఆమె ఎనభై తరాలపాటు ఏరి ఏరి పెంచింది. గది చల్లబరిచే యంత్రం చెడిపోతే దోమలను ఉంచిన వలల చుట్టూ తడిగుడ్డలు కట్టి కాపాడింది. కొత్త యంత్రం కోసం పెట్టుకున్న అర్జీ మూడో ఉపసంచాలకుడి బల్ల మీంచి ఏడో వారి బల్ల మీదికి చేరింది. ఇది చెప్పుకోదగ్గ పురోగతి.

ఇంతలో నిధుల సంగతి తేల్చే సెనేటరు సంస్థను చూడవస్తున్నారని కబురొచ్చింది. ఎవారిస్తో గుస్తిలో అనే సంచాలకుడు ఆమెను పిలిపించాడు.

"చూడమ్మా సోలెదాద్, ఆయన సంతకం పడితే ఐదేళ్ళు మనకి ఢోకా లేదు. నీ దోమలు ఆయన్ని కుట్టకూడదు."

"అవి వలల్లో ఉన్నాయి సర్. ఒకవేళ కుట్టినా జబ్బు రాదు. మన పరిశోధనే అది కదా!"

"అది నీకు తెలుసు, నాకు తెలుసు. ఫొటోలు తీసేవాళ్ళకి తెలుసా?"

సోలెదాద్ దోమల గదికి తాళం వేసి, 'దోమల మందు కొట్టరాదు' అని కాగితం అంటించి వెళ్ళింది. మర్నాడు పొద్దున్నే అతిథి మర్యాదల ఉపసంచాలకుడు తాళం తీయించి మరీ పొగ పట్టించాడు. కాగితం మీద సంస్థ ముద్ర లేదట.

ఆమె వచ్చేసరికి వలల అడుగున నల్లనువ్వులు చల్లినట్టుంది. ఒక వలను వేలితో తట్టింది. ఇంకోటి తట్టింది. చివరి వలదాకా తట్టుకుంటూ వెళ్ళి, అక్కడే నేలమీద చతికిలబడింది.

సభలో సెనేటరు గద్గదస్వరంతో ప్రసంగించారు: "దోమల మీద పరిశోధించే సంస్థలు చాలా చూశాను. ఒక్క దోమైనా లేని సంస్థను ఇక్కడే చూశాను. విజయమంటే ఇదీ!" చప్పట్లు మిన్నంటాయి. నిధులు రెట్టింపయ్యాయి. ఆ నిధులతో పదో ఉపసంచాలకుడు వచ్చాడు.

"అన్నీ చచ్చిపోయాయి సర్," అంది సోలెదాద్, సభ తర్వాతి విందులో.

"దానికి ఏడుస్తావేంటమ్మా! ఊరు నిండా దోమలే. మళ్ళీ మొదలుపెట్టు," అన్నాడు గుస్తిలో, పందివేపుడు నములుతూ.

మొదలుపెట్టింది. వల భుజాన వేసుకుని వీధిలోకి వెళ్ళి మొదటి గుమ్మం తట్టింది.

"మా ఇంట్లో దోమలా? ఎంత మాటన్నారు డాక్టరమ్మా!" అని ఇంటావిడ నొచ్చుకుంది. ఆమె వెనకాల నీళ్ళ డ్రమ్ములో పురుగులు తైతక్కలాడుతున్నాయి. "పక్కింట్లో అడగండి. వాళ్ళకి శుభ్రం తక్కువ."

"మరి మీ పాపకి డెంగీ వచ్చిందన్నారు?"

"అదీ పక్కింటి దోమే!"

పక్కింటివాళ్ళు ఆ పక్కింటిని చూపించారు. వీధి చివరి ఇంటాయన కాసేపు దిక్కులు చూసి, మొదటి ఇంటిని చూపించాడు.

సాయంత్రానికి ఆ గుమ్మాల దగ్గరే నిలబడి రెండు వందల దోమలు పట్టింది. సంస్థవారి నమోదు పత్రంలో 'ఎవరి ఇంట దొరికినవి' అని ఒక గడి ఉంది. సోలెదాద్ రెండు వందలకూ 'పక్కింట' అని రాసింది.