ఛైర్మన్ గారి ఎత్తు బెల్లం

బొగ్గు దుమ్ముకు బెల్లం విరుగుడు. గోదావరిఖనిలో ఈ మాట నమ్మని మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. షిఫ్టు దిగి వచ్చినవాడు రేగుపండంత బెల్లం ముక్క నోట్లో వేసుకుంటే, ఊపిరితిత్తుల్లో చేరిన దుమ్మంతా దానికి అంటుకుని, కడుపులోకి జారి, తెల్లవారేసరికి బయటికి పోతుందని ప్రతి ఇంట్లోనూ చెబుతారు. ముప్పై నాలుగేళ్లు భౌతికశాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి కనుక, ఊపిరితిత్తుల నుంచి కడుపుకు ఆ దారి ఎక్కడుందని ఒకరిద్దరిని అడిగాను. "బెల్లానికి తెలుస్తది సారూ," అన్నారు. అంతకు మించిన సమాధానం ఇంకెవరూ చెప్పలేదు.

అందువల్ల, విద్యార్థి జీవన నైపుణ్యాల మండలి ఛైర్మన్ రఘుపతి గారు మా వీధిలోని ఉన్నత పాఠశాలను 'ఆరోగ్యకర ఎంపికల తొలి ఆదర్శ పాఠశాల'గా ప్రకటించి, అందులోని రెండువందల పన్నెండు మంది విద్యార్థులకు నిత్యం బెల్లం అందజేస్తామన్నప్పుడు పట్టణం ఆశ్చర్యపోలేదు. ఇన్నాళ్లూ ఈ ఆలోచన ఎవరికీ ఎందుకు రాలేదని మాత్రమే ఆశ్చర్యపోయింది.

"తమకు ఏది మంచిదో ఎంచుకునే శక్తి పిల్లలకు రావాలె," అన్నారు ఛైర్మన్ గారు విలేకరులతో. "ఆ ఎంపిక మేం చేసి పెట్టినం."

ఆ పాఠశాలకూ మా ఇంటికీ మధ్య ఉన్నది ఒక్క రోడ్డే. దాని మీద నాలుగు నిమిషాలకొక బొగ్గు లారీ వెళుతుంది. లోడు మీద కప్పాల్సిన పట్టా డ్రైవరు సీటు వెనక మడతపెట్టి భద్రంగా ఉంటుంది. తొమ్మిదో తరగతి పిల్లలకు రఫ్ నోట్సు కొనే అవసరం ఎప్పుడూ రాలేదు. బల్ల మీద వేలితో లెక్క చేసి తుడిచేస్తే, అరగంటలో మళ్లీ రాసుకునేంత దుమ్ము వచ్చి పడుతుంది.

ఆ తరగతిలోనే శ్రావణ్య చదువుతుంది. ఆయాసం వల్ల గత నెల పదకొండు రోజులు బడికి పోలేకపోయింది. సైన్సు ప్రాజెక్టుకు ఏదైనా చెప్పమని నా దగ్గరికి వస్తే, దేన్నైనా ఓపికగా లెక్కపెట్టమన్నాను. ఆమె దగ్గులను ఎంచుకుంది. రోజూ రెండో పీరియడులో తరగతి మొత్తం ఎన్నిసార్లు దగ్గిందో నోట్‌బుక్‌లో గీతలు గీసి కూడేది. తాను రాని రోజు పక్క బెంచీ పిల్ల గీసేది. నెల సగటు అరవై వచ్చింది. దాని కింద ఒక విన్నపం రాసింది: లారీలను గని తవ్వి పోసిన మట్టిగుట్టల వెనక దారిన మళ్లించాలి. ఆ దారి రెండు కిలోమీటర్లు దూరం ఎక్కువ. దాని పక్కన బడి లేదు.

"లారీలు అటు పోతే నేను దినాం బడికి వస్త సార్. నాకు ఇంకేం అక్కర లేదు," అంది.

ప్రధానోపాధ్యాయురాలు రమామణి మేడం ఆ విన్నపం మీద సంతకం చేసి మండలికి పంపారు. రఘుపతి గారు వెంటనే ఫోను చేశారు. "నేనే వస్తున్న మేడం. దగ్గుల లెక్క నా ముందర పెట్టున్రి. అంకెలు ఏం చెప్తే గదే చేస్త."

ఆ చివరి వాక్యాన్ని శ్రావణ్య నోట్‌బుక్ అట్ట మీద ఎర్రసిరాతో రాసుకుంది.

బెల్లం ఎంత ఇవ్వాలన్న ప్రశ్నకు ఛైర్మన్ గారే పరిష్కారం చూపారు. "మేడారం జాతరల అమ్మలకు మన ఎత్తు బెల్లం తూచి ఇస్తం. బడి పిల్లలకు ఇయ్యమా? నా ఎత్తు ఇస్త." ఆయనను తూచడానికి, పత్రికల వారందరూ నిలబడి చూసేంత జాగా ఉన్నది బొగ్గు లారీలను తూచే వేబ్రిడ్జి ఒక్కటే. ఛైర్మన్ గారు దాని మీదికి ఎక్కారు. వారి వెంట అనుచరులూ ఎక్కారు.

"సార్ ఒక్కరే ఉండాలె. తక్కినోళ్లు దిగున్రి," అన్నాడు కాటా గుమాస్తా.

"అన్నను ఒక్కణ్ణి లారీల కాటా మీద ఇడిచిపెట్టి దిగుమంటవా? మేం గసొంటోళ్లం కాదు," అన్నాడు ఒక అనుచరుడు.

"ముందుగాల దిగినోడు అవతలి పార్టీల కలిసిండని రాస్తరు," అన్నాడు ఇంకొకడు, విలేకరుల వైపు చూస్తూ.

ఎవరూ దిగలేదు. కాటా పదకొండువందల నలభై కిలోలు చూపింది. రసీదులో సరుకు అన్న చోట 'బొగ్గు' అని దానంతట అదే అచ్చయింది. ఛైర్మన్ గారి పి.ఎ. జయకృష్ణ ఆ రసీదును జాగ్రత్తగా ఫైల్లో పెట్టుకుని, అంత బెల్లానికీ కామారెడ్డికి ఆర్డరు పంపారు. రోజుకు తలా పది గ్రాముల చొప్పున అది ఐదువందల ముప్పై ఏడు రోజులకు సరిపోతుంది. ఒక నాయకుడి బరువు విద్యార్థులకు ఇంతకాలం ఉపయోగపడటం నా అనుభవంలో ఇదే మొదటిసారి.

మంగళవారం నుంచి గురువారం దాకా మూడు రోజుల శిక్షణ పెట్టారు. ఛైర్మన్ గారు తెల్లచొక్కా తప్ప తొడగరు. కనుక ఆ మూడు రోజులూ పట్టణంలోకి ఏ లారీనీ రానివ్వకుండా రహదారి మలుపు దగ్గర బారికేడ్లు పెట్టారు. బడి ముందు రోడ్డును రోజుకు మూడుసార్లు ట్యాంకరుతో తడిపారు.

శిక్షణ ఇచ్చిన వారు జయకృష్ణే. కోస్తా మనిషి, మర్యాదస్తుడు; ఆరో తరగతి పిల్లలను కూడా అండీ అనే పిలుస్తారు. పొద్దున 'స్పష్టంగా వద్దని చెప్పే నైపుణ్యం' నేర్పి, తర్వాత చీటీలు పంచారు.

"ఆరోగ్యం కోసం మీరేం ఎంచుకుంటారో స్వేచ్ఛగా రాయండి. ఎవరి ఒత్తిడీ లేదండి."

చీటీలు విప్పి చూశారు. రెండువందల పన్నెండింటిలోనూ 'లారీలు వేరే దారిన పోవాలె' అని ఉంది.

"ఇది ఆప్షన్లలో లేదండీ," అన్నారు జయకృష్ణ, నొచ్చుకుంటూ. "ఆప్షన్ ఏ బెల్లం, ఆప్షన్ బి చిప్స్. ఈ రెండింట్లోంచి స్వేచ్ఛగా ఎంచుకోవాలండి."

"మాకు రెండూ వద్దు సార్," అంది శ్రావణ్య.

"ఎంత స్పష్టంగా చెప్పారమ్మా. పొద్దున పాఠం బాగా వంటబట్టింది," అని ఆయన ఆమెకు పదికి పది మార్కులు వేసి, చీటీలన్నిటినీ ఆప్షన్ ఏ కింద కలిపారు.

ఆ మధ్యాహ్నం ప్రారంభోత్సవం. ఎదుటి కిరాణా కొట్టు నుంచి పిడికెడు బెల్లం ముక్క తెప్పించారు. ఛైర్మన్ గారు దాన్ని శ్రావణ్య నోటి దాకా తెచ్చారు. ఫొటోగ్రాఫరు వెలుతురు చాలదన్నాడు. ఆ ముక్క వరసగా పదకొండు నోళ్ల దాకా ప్రయాణించి, ఏ నోట్లోనూ పడకుండా, చివరికి ఛైర్మన్ గారి చేతిలోనే మిగిలింది. షుగరు ఉన్నందున వారూ తినలేదు.

తర్వాత శ్రావణ్య తాత సదయ్యకు మైకు ఇచ్చారు. గనిలో ముప్పై రెండేళ్లు పనిచేసిన మనిషి.

"ముప్పై రెండేండ్లు బాయిల దిగిన. దినాం బెల్లం తిన్న. నాకేమన్న అయిందా?" అని అడిగి, సదయ్య రెండు నిమిషాలు దగ్గాడు. సభ ఓపికగా వేచి ఉంది. "ఏం కాలే," అని ముగించాడు. చప్పట్లు మోగాయి.

మెట్లు దిగుతున్నప్పుడు మనవరాలు ఆయన చెయ్యి పట్టుకుంది. "మరి నీ దగ్గు ఏంది తాతా?"

"ఇది బొగ్గు దగ్గు కాదు బిడ్డ. బొగ్గుది ఎప్పుడో పోయింది. ఇది ముసలితనం దగ్గు."

గురువారం ముగింపు సభ జరిగింది. పెద్ద తెర మీద మండలి యాప్‌లోని అంకెలు చూపించారు. మూడు రోజులూ ఒకటే వరస: విద్యార్థులు 212, బెల్లం తిన్నవారు 212, నిరాకరించినవారు 0. ఆ పైన శ్రావణ్య నోట్‌బుక్ వేదిక మీదికి వెళ్లింది. ఛైర్మన్ గారు స్వయంగా చదివారు.

"నెల సగటు అరవై. మంగళారం ముప్పై ఒకటి. బుధారం పన్నెండు. ఇయ్యాల నాలుగు." ఆయన కళ్లద్దాలు తీసి సభ వైపు చూశారు. "నేనేం చెప్పిన? అంకెలు ఏం చెప్తే గదే చేస్త అన్న. బెల్లం మూడు దినాలల్ల దగ్గును నాలుగుకు దించింది. ఇగ లారీలను తిప్పుడెందుకు? దారి ముచ్చట ఇయ్యాల్టితోని బంద్."

శ్రావణ్య లేచి వెళ్లి మైకు అందుకుంది. "సార్, బెల్లం..."

"చూసిన్రా, ఇంకా కావాలంటుంది బిడ్డ. రేపటి సంది ఇరవై గ్రాములు."

"గది కాదు సార్, బెల్లం మాకు..."

"మొహమాటపడకు తల్లీ. ఇరవై అన్నంటే ఇరవై."

జయకృష్ణ ఆమె మెడలో 'జీవన నైపుణ్య రత్న' పతకం వేసి, మైకు మృదువుగా వెనక్కి తీసుకున్నారు.

ఇంటికి పోతూ ఆమె మా గేటు దగ్గర ఆగింది. పతకం అప్పటికే సంచిలో పెట్టేసింది. "రేపటి సంది లారీలు మళ్ల వస్తయి సార్. ఇగ బడికి ఎన్ని దినాలు పోతనో."

శుక్రవారం కూడా లెక్కపెట్టమన్నాను. ఫలితం మనకు నచ్చలేదని కొలత ఆపకూడదు.

శుక్రవారం పేపర్లో మొదటి పేజీలోనే వచ్చింది: 'బెల్లంతో దగ్గు మాయం. రాష్ట్రమంతటా విస్తరిస్తాం: ఛైర్మన్'. నేను దాన్ని రెండోసారి చదువుతుండగా, బారికేడ్లు తీసేసినందున, మూడు రోజులుగా ఆగిన లారీలన్నీ బారులు తీరి రాసాగాయి. వాటిలో ఒకటి బడి గేటు ముందు ఆగింది. డ్రైవరు దిగి, చేతిలో కాగితం చూసుకుంటూ, రమామణి మేడం ఎవరని అడిగాడు. నేనూ రోడ్డు దాటి వెళ్లాను.

"మంగళారం పొద్దుగాలనే వచ్చిన మేడం. మలుపు కాడ ఆపిండ్రు. ఇది బొగ్గు కాదు, బెల్లం, బడి పిల్లలది అని మొత్తుకున్న. లారీ అంటే లారీయే అన్నరు. మూడు దినాలు బొగ్గు లారీల నడుమనే ఉన్న," అని అతను పట్టా విప్పాడు. బస్తాల మీద దుమ్ము నల్లగా పేరుకుని ఉంది.

మరి తెర మీద చూపిన 212 ఎక్కడిదన్నట్టు నేను మేడం వైపు చూశాను.

"నన్నేం చెయ్యమంటరు సార్?" అన్నారు ఆమె. "యాప్‌ల రెండే ఉన్నయి. తిన్నరు, నిరాకరించిండ్రు. బెల్లం రాలేదు అని నొక్కుదామంటే గడి లేదు. పదింటికల్ల నొక్కకపోతే మెమో వస్తది. పాపం, పిల్లలు నిరాకరించిండ్రని ఎట్ల రాయాలె?"

మొదటి గంట కొట్టేలోగా నాలుగు బస్తాలు దింపి, పై పొర గీకి, తలా ఇరవై గ్రాములు పంచారు. పిల్లలు ఇష్టంగా తిన్నారు, బెల్లం మంచిదే. తర్వాత రెండో పీరియడు మొదలైంది. బయట రెండు నిమిషాలకొక లారీ వెళుతోంది.

సాయంత్రం శ్రావణ్య వచ్చి నా బల్ల ముందు కూర్చుంది. రొప్పుతోంది. కాసేపు ఊపిరి నిలదొక్కుకున్నాక స్కేలు అడిగి తీసుకుని, నోట్‌బుక్‌లో దగ్గుల వరస పక్కన ఇంకొక వరస గీసింది. దాని పైన 'తిన్న బెల్లం' అని రాసి, ఒక్కొక్క రోజే నింపుకుంటూ వచ్చింది.

మంగళవారం: బెల్లం సున్నా, దగ్గులు ముప్పై ఒకటి.

బుధవారం: సున్నా, పన్నెండు.

గురువారం: సున్నా, నాలుగు.

శుక్రవారం: ఇరవై గ్రాములు, అరవై మూడు.