పాత గేర్‌బాక్సు, కొత్త చీటీ

ఆదివారం ఉదయం ఏడింటికి ఫైలు బాబాయి ఒక తెల్లకాగితం తీసుకుని ఆ రోజు కార్యక్రమం రాశారు. ఏడున్నరకి కారు పైకెత్తుట. ఎనిమిదిన్నరకి పాత గేర్‌బాక్సు దించుట. పదింటికి కొత్తది ఎక్కించుట. పదకొండింటికి స్నానం. పదకొండుంపావుకి కారులో షికారు. ముప్పై రెండేళ్ళు రికార్డు రూములో పనిచేసి ఒక్క ఫైలూ పోగొట్టకుండా రిటైరైన మనిషి కనుక వీధంతా ఆయన్ని ఫైలు బాబాయి అంటుంది. ఆ ఫైళ్ళు కావాలని ఎవరైనా ఎప్పుడైనా వచ్చి అడిగారా అన్నది వేరే సంగతి.

కారు ఆరు సిలిండర్లది. ఈ ముక్క చేర్చకుండా బాబాయి దాని గురించి ఒక్క వాక్యం పూర్తిచేసిన దాఖలాల్లేవు. "మా ఆరు సిలిండర్లదానికి అద్దాలు తుడవాలి" అంటారు. "మా ఆరు సిలిండర్లదాని మీద పిల్లి పడుకుంది" అంటారు. నిజానికి పదకొండు నెలలుగా దాని మీద పిల్లి పడుకోవడం తప్ప దాని జీవితంలో వేరే విశేషం లేదు. గేరు లివరు ఎటు తోసినా గిన్నెలో గరిటె తిరిగినట్టు తిరిగేది, ఒక్క గేరూ పడేది కాదు.

సందు చివర మెకానిక్ వచ్చి చూసి, "లివరు అడుగున బుష్ అని వేలెడంత ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది బాబాయిగారూ. అది అరిగింది. పావుగంట పని" అన్నాడు. బాబాయికి తల కొట్టేసినంత పనైంది. ఆరు సిలిండర్ల కారుకి వేలెడంత జబ్బా? అలాంటివి నాలుగు సిలిండర్ల వాళ్ళకి రావాలి గానీ! ఆ మెకానిక్‌ని మర్యాదగా సాగనంపి, బావమరిదిని పిలిపించారు.

బావమరిది పళ్ళ డాక్టరు. అతను లివరు అటూ ఇటూ ఊపి, టార్చి వేసి, నాలుక చప్పరించి, "లాభం లేదు బావా. లోపల పళ్ళన్నీ అరిగిపోయాయి. మొత్తం పీకేసి కొత్తది పెట్టాల్సిందే" అన్నాడు. తన దగ్గరికొచ్చిన ప్రతివాడికీ అతను చెప్పే మాట అదే. కాకపోతే సంతోషంగా ఒప్పుకున్న మొదటి మనిషి బాబాయి. గేర్‌బాక్సు కూడా డాక్టరే సంపాదించాడు, పాత సామాన్ల కొట్టున్న ఒక పేషెంటు దగ్గర. గోనెపట్టాలో కట్టింది కట్టినట్టే తెచ్చాడు.

"విప్పి చూశావా?" అని అడిగింది పిన్ని, అంటే బాబాయి భార్య.

"ఆ కొట్టాయన అబద్ధం చెప్పడక్కా. చెప్పడానికి నోట్లో పన్నన్నది ఉంటేగా!"

బాబాయి కూడా విప్పలేదు. వచ్చిన కట్టకి ముందు చీటీ కట్టాలి, విప్పడమన్నది అవసరం వచ్చినప్పుడు. "కొత్తది" అని రాసిన చీటీ ఒకటి గోనెకి కట్టి, షెడ్డులో ఓ మూల పెట్టారు.

ఇంత హడావుడి ఎందుకంటే, పిన్ని గడువు పెట్టింది. ఆవిడ బట్టలు కుడుతుంది. మూడు కుట్టుమిషన్లు భోజనాల గదిలోనే ఉన్నాయి. కంచంలో గుండీలు రావడం ఆ ఇంట్లో మామూలైపోయింది. వారం కిందట బాబాయి నోట్లో గుండుసూది గుచ్చుకుంటే, ఆవిడ సానుభూతి చూపించకుండా షెడ్డు వైపు చూపించింది.

"ఆదివారం సాయంత్రం అయిదు. ఆలోపు అది తనంతట తాను షెడ్డులోంచి బయటికొచ్చిందా, ఇంక తుక్కు మాట ఎత్తను. రాలేదా, తుక్కు సామానాయన లారీ తెస్తాడు. షెడ్డు నాది."

"పందెమా?"

"పందెమే."

పైకి నవ్వారు గానీ, ఆ మాట విన్నప్పట్నుంచీ బాబాయికి గుండెల్లో రాయి పడింది. పెళ్ళయ్యాక పిన్నిని ఇంటికి తెచ్చుకున్నది ఆ కారులోనే. పుట్టిన కూతుర్ని ఆస్పత్రి నుంచి తెచ్చుకున్నదీ అందులోనే. దాన్ని ముక్కలు చేసి తూకం వేస్తారంటే ఆయనకి నిద్ర పట్టలేదు.

పని మొదలైంది. కారు నాలుగు దిమ్మల మీదికి ఎక్కింది. డాక్టరు తెల్లకోటు, చేతి తొడుగులు, మూతికి గుడ్డ వేసుకుని కిందికి దూరాడు. ఒక బోల్టు ఊడదీసి ఇస్తే బాబాయి దాన్ని తుడిచి, కవర్లో వేసి, నంబరు, స్థానం, తేదీ రాసి, సంతకం పెట్టేవారు. పదయ్యేసరికి ఊడిన బోల్టులు అయిదు, సంతకాలు పదకొండు.

"బావా, సంతకాలు తర్వాత పెట్టుకోవచ్చుగా!"

"తర్వాత అన్నవాళ్ళ ఫైళ్ళే పోతాయి."

పన్నెండు దాటాక ఆఖరి బోల్టు వచ్చింది. దానితో పాటు గేర్‌బాక్సు కూడా వచ్చి, పడవలసిన చోట కాకుండా డాక్టరు పొట్ట మీద పడింది.

"బావా... ఊపిరి..."

"కదలకు. చీటీ కట్టనీ!"

కేకలకి పిన్ని పరుగెత్తుకొచ్చి, దుప్పటి దాని కిందుగా దోపి, ఒక్క లాగున తమ్ముడి పొట్ట మీద నుంచి పక్కకి లాగేసింది. తర్వాత చుట్టూ చూసింది. గాల్లో కారు, నేల మీద నూనె మడుగు, అరవై కవర్లు, పొట్ట పట్టుకుని మూలుగుతున్న పళ్ళ డాక్టరు. ఇంక వీళ్ళ వల్ల కాదు, కారుని విడగొట్టి తుక్కుకి ఇచ్చేద్దామని నిర్ణయించుకున్నట్టున్నారు, పాపం నోరు తెరిచి చెప్పలేకపోతున్నారు అనుకుంది. మనసులో జాలిపడుతూనే వెళ్ళి తుక్కు సామానాయనకి ఫోన్ చేసి, కాస్త ముందుగానే రమ్మంది.

బాబాయి మాత్రం పాత గేర్‌బాక్సుని కిరసనాయిలుతో కడగడంలో మునిగిపోయారు. తుక్కులోకి పోయేదాన్ని కడగడమెందుకని డాక్టరు అడిగితే, మూసే రికార్డు దుమ్ము దులిపి మూయాలన్నారు. దానికి కట్టిన "పాతది" చీటీ తడుస్తుందని విప్పి జేబులో పెట్టుకున్నారు. గంట తోమాక అది అద్దంలా మెరిసింది. అప్పుడు కాగితం చూసుకుంటే స్నానం బాకీ ఉంది. వెళ్ళిపోయారు. డాక్టరు వరండాలో పొట్ట మీద తడిగుడ్డ వేసుకుని పడుకున్నాడు.

సరిగ్గా అప్పుడే తుక్కాయన వచ్చాడు. పిన్ని స్నానాలగది తలుపు కొట్టింది.

"ఏవండీ! తుక్కాయన వచ్చాడు. ఏం తీసుకెళ్ళమంటారు?"

లోపల చెంబు కిందపడిన చప్పుడు. "కారు ముట్టుకోవద్దను! అయిదింటి దాకా టైముంది! అంత తొందరైతే పాత గేర్‌బాక్సు పట్టుకుపొమ్మను!"

షెడ్డులో ఒక పక్క తళతళా మెరుస్తున్న గేర్‌బాక్సు ఉంది. ఇంకో పక్క గోనె. తుక్కాయన గోనె విప్పాడు. తుప్పు, మట్టి, ఒక చచ్చిన జెర్రి.

"పాతదంటే ఇదేగామ్మా?"

"చూస్తే తెలీడంలా?" అంది పిన్ని. ఆవిడది తప్పని లోకంలో ఎవరూ అనలేరు.

అయిదింటికి మళ్ళీ వస్తానన్న తుక్కాయనతో తుప్పు బాక్సు వెళ్ళిపోయింది. గోనె మిగిలింది. గుడ్డన్నది నేల మీద కనిపిస్తే పిన్ని చేతులు ఊరుకోవు. దులిపి, మెరుస్తున్న బాక్సుకి దుమ్ము పట్టకుండా చుట్టి, చీటీ పైకి కనబడేలా సర్దింది.

మూడింటికి బాబాయి, డాక్టరు మళ్ళీ రంగంలోకి దిగి గోనె విప్పారు.

"అబ్బ! ఎంత మెరుస్తోందిరా!"

"పాతదీ ఇలాగే మెరిసింది కదూ బావా?"

"అది కడిగితే మెరిసింది. ఇది పుట్టుకతో మెరుస్తోంది."

"కిరసనాయిలు వాసనొస్తోంది..."

"నీ చేతులు వాసన చూసుకో. చీటీ మీద ఏముంది? కొత్తది. పైన ఒకటి రాసి లోపల ఇంకోటి ఉండడం నా సర్వీసులో నేను చూడలేదు." ఇది అక్షరాలా నిజం. ఆయన ఏనాడూ లోపల చూడలేదు.

కొత్తది ఎక్కడా మారాం చెయ్యలేదు. ప్రతి బోల్టూ పుట్టింటికొచ్చినట్టు దాని రంధ్రంలోకి వెళ్ళి కూర్చుంది. కొత్త సామానంటే ఇలా ఉండాలని బావా బావమరుదులు ఒకరినొకరు మెచ్చుకున్నారు. నాలుగున్నరకి లివరు బిగించబోతూ నలభై ఒకటో కవరు విప్పితే అందులోంచి నల్లటి పిండి రాలింది.

"ఇదేంటి బావా?"

బాబాయి కవరు చదివారు. "బుష్, ఒకటి." ఆదివారం, ఏ కొట్టూ తెరిచి ఉండదు. గేటు బయట లారీ హారన్ వినిపించింది. బాబాయి కవరు పట్టుకుని నేల మీద కూలబడ్డారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అవి ఏ పద్ధతి ప్రకారమూ రాలేదు.

గుమ్మంలో నుంచున్న పిన్ని అది చూసింది. ముప్పై ఏళ్ళ కాపురం ఊరికే పోతుందా? లోపలికెళ్ళి గట్టి ప్లాస్టిక్ దారపు రీలొకటి తెచ్చింది. టేపుతో లివరు కొలిచి, రీలుని కత్తితో కోసి, అంచులు రుద్ది, "ఇది పడుతుందేమో చూడండి" అంది. అది అతికినట్టు పట్టింది. కారుకున్న అసలు రోగం ఆ క్షణాన కుదిరింది. ఆ సంగతి ఎవరికీ తెలియలేదు, రోగం కుదిర్చిన మనిషితో సహా. ఎటొచ్చీ తన షెడ్డు తన చేతులారా పోగొట్టుకున్నానని మాత్రం ఆవిడకి తెలిసింది. నాలిక కరుచుకుంది.

కారుని దిమ్మల మీంచి దించి, అయిదింటికి ఆరు నిమిషాలుండగా బాబాయి తాళం తిప్పారు. ఆరు సిలిండర్లూ దగ్గి, తుమ్మి, గొంతు సవరించుకున్నాయి. గేరు టక్కున పడింది. కారు షెడ్డు దాటి, గేటు దాటి, లారీ పక్కన వచ్చి ఆగింది.

"ఆ పెట్టె విప్పి చూశాం బాబాయిగారూ" అన్నాడు తుక్కాయన నోరెళ్ళబెట్టి. "లోపల సగం పళ్ళు లేవు. ఉన్న సగానికి మధ్య ఇసుక. దాంతో ఇన్నేళ్ళూ ఎలా నడిపారండీ?"

"చూశావా బావా! నేను చెప్పలా?" డాక్టరు పొట్టనొప్పి మాయమైంది.

"నడపడం తెలియాలి నాయనా" అన్నారు బాబాయి వినయంగా.

ఇద్దరూ ఊరేగింపుగా సందు చివరికి వెళ్ళి, మెకానిక్ కొట్టు ముందు ఆపి హారన్ కొట్టారు. "బుష్ అన్నావుగా! గేర్‌బాక్సు మార్చాం, చూడు!" మెకానిక్ లోపలికి తొంగి చూశాడు. లివరు అడుగున ఎర్ర దారపు పోగొకటి వేలాడుతోంది. నోరు తెరిచాడు. ఇద్దరి మొహాలూ చూసి, మళ్ళీ మూశాడు. అనుభవమున్న మనిషి.

అయిదు వీధులు తిరిగి గంటకి ఇంటికొస్తే షెడ్డు తలుపు లోపల్నుంచి గడియ పెట్టి ఉంది. కిటికీలోంచి చూస్తే మూడు మిషన్లు వరసగా ఉన్నాయి. వచ్చినవాళ్ళం ఊరికే తిరిగెళ్ళడమెందుకని తుక్కాయన, అతని మనుషులు వాటిని మోసిపెట్టి వెళ్ళారట.

"ఏమోయ్! తలుపు తియ్యి, కారు పెట్టాలి!"

"నడిచే కారుకి షెడ్డెందుకండీ?" మిషను ఆగలేదు. "నడవకపోతేనేగా ఇన్నాళ్ళూ లోపల పెట్టాం."

"అదేంటి! పందెం నేను గెలిచానుగా!"

"గెలవలేదని ఎవరన్నారు? బయటికి రావాలన్నాను, వచ్చింది. మళ్ళీ లోపలికి పంపిస్తానని నేనెప్పుడన్నా అన్నానా?"

బాబాయి బావమరిది వైపు చూశారు. అతను క్లినిక్‌లో పేషెంటు ఎదురుచూస్తున్నాడని గుర్తొచ్చి వెళ్ళిపోయాడు.

ఆరు సిలిండర్లది ఇప్పుడు గోడ పక్కన ఎండకి ఎండుతూ వానకి తడుస్తూ ఉంటుంది. పందెం బాబాయే గెలిచారన్న విషయంలో మాత్రం ఆ ఇంట్లో భేదాభిప్రాయాలు లేవు.