తిన్న అరగంటకు వచ్చే అదృష్టం

థైరాయిడ్ ఈ రోజుల్లో ఇంటికొకరికి వస్తుంది. అదేమంత గొప్ప కాదు. పొద్దున్నే పరగడుపున ఒక చిన్న బిళ్ల, ఆరు నెలలకోసారి ఒక సిరంజి రక్తం, అంతటితో సరి. కానీ థైరాయిడ్ ఉండి, రిపోర్టులన్నీ నార్మల్ అని వచ్చి, అయినా సరే అన్నం తిన్న అరగంటకు గుండె దడదడలాడి, చేతులు వణికి, చెమటలు పట్టి, అదెందుకో ఏ డాక్టరుకూ అంతుపట్టకుండా ఉండే భాగ్యం మాత్రం కోటికొక్కరికే దక్కుతుంది!

నవ్వకండి. నేను సీరియస్‌గానే చెబుతున్నాను.

కారణం తెలిసిన జబ్బులో ఏముంది చెప్పండి? మలేరియా వచ్చిందనుకోండి. దోమ కుట్టింది, మాత్ర మింగాడు, తగ్గింది. పరామర్శకు వచ్చినవాళ్ళు కాఫీ ఊదుకునే లోపే మాటలు అయిపోతాయి. అదే కారణం తెలియని జబ్బయితే? వచ్చిన ప్రతివాడూ డాక్టరే. చెప్పిన ప్రతిమాటా మందే. ఇంటికి కళ వస్తుంది!

నమ్మకం లేకపోతే నకరికల్లు రంగనాయకమ్మను చూడండి.

రంగనాయకమ్మకు నలభై ఏడేళ్ళు. భర్త శ్రీమన్నారాయణకు పదెకరాల మిరప, నాలుగెకరాల పత్తి ఉన్నాయి గానీ ఆయన అసలు పంట రాజకీయం. ఇంటి ముందు రేకుల షెడ్డు, అందులో పాతిక ప్లాస్టిక్ కుర్చీలు. పొద్దున ఆరింటికి మొదలైన జనం మధ్యాహ్నం మూడు దాటితే గానీ పల్చబడరు. సరిహద్దు తగాదా వాళ్ళు, పింఛను ఆగినవాళ్ళు, ఏ పనీ లేనివాళ్ళు. వచ్చినవాళ్ళెవరూ తినకుండా ఆ ఇంటి గడప దిగకూడదు. అది శ్రీమన్నారాయణ తాత పెట్టిన రూలు. తాత రూలు పెట్టాడు, మనవడు పేరు తెచ్చుకున్నాడు, వంట మాత్రం రంగనాయకమ్మ చేస్తుంది. అందుకు ఊరు ఊరంతా ఆమెను అన్నపూర్ణ అంటుంది.

థైరాయిడ్ బిళ్ల నాలుగేళ్ళుగా వేసుకుంటూనే ఉంది. ఈ కొత్త అదృష్టం మాత్రం పది నెలల కిందట పట్టింది. అన్నం తిని కంచం కడిగిపెట్టిన అరగంటకు గుండె ఎవరో తరుముతున్నట్టు కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఒళ్ళంతా చెమట. కడుపు ఉబ్బరం. ఆ తరువాత కళ్ళు మూతలు పడిపోయి, ఎక్కడ కూర్చుంటే అక్కడే ఒరిగిపోవడం.

ఇక చూస్కోండి ఆ ఇంటి వైభవం!

నరసరావుపేటలో ఆమె చూడని డాక్టరు లేడు. గుండె డాక్టరు ఈసీజీ తీసి గుండె బ్రహ్మాండంగా ఉందని, ఇదంతా థైరాయిడ్ పని అయి ఉంటుందని అన్నాడు. థైరాయిడ్ డాక్టరు రిపోర్టు చూసి థైరాయిడ్ బంగారంలా ఉందని, ఇది గ్యాస్ అని అన్నాడు. గ్యాస్ డాక్టరు గొంతులోంచి గొట్టం దింపి చూసి, లోపల అద్దంలా ఉందని, ఇది టెన్షన్ అని తేల్చాడు. టెన్షన్ డాక్టరు ఏమైనా టెన్షన్ ఉందా అమ్మా అని అడిగితే, ఈ దడ ఒక్కటేనండీ అంది రంగనాయకమ్మ. అదే టెన్షన్ అన్నాడాయన. ఇంతమంది చదువుకున్నవాళ్ళు ఒక ఆడమనిషి ఒంట్లో ప్రతి పార్టూ ఫస్టుక్లాసుగా ఉందని రాసి, సంతకం పెట్టి ఇచ్చారంటే మాటలా? అలాంటి సర్టిఫికెట్ మీ ఇంట్లో ఎవరికైనా ఉందా?

డాక్టర్లు చేతులెత్తేశాక కేసు శ్రీమన్నారాయణ చేతికి వచ్చింది. ఆయనకు తెలిసిన పద్ధతి ఒక్కటే, పంచాయతీ. రోజూ సాయంత్రం షెడ్డులో విచారణ. ఈ రోజు ఏం తిన్నావ్? బీరకాయ. అయితే తప్పు బీరకాయదే, దానికి వంటింటి బహిష్కారం. మర్నాడు ఏం తిన్నావ్? గోంగూర. గోంగూర తరఫున మాట్లాడటానికి ఇద్దరు లేచారు గానీ వాదన నిలబడలేదు. పక్కింటి అక్తర్ బేగం వచ్చి వంకాయ వేడి చేస్తుందని సాక్ష్యం చెప్పింది. విజయపురి సౌత్‌లో ఉన్న ఆడపడుచు వరలక్ష్మి ఫోన్ చేసి, థైరాయిడ్ ఉన్నవాళ్ళు క్యాబేజీ పేరెత్తకూడదని హెచ్చరించింది. ఆ ఇంట్లో క్యాబేజీ వండి రెండేళ్ళయింది. అయినా ముందుజాగ్రత్తగా దానినీ బహిష్కరించారు!

గుంటూరులో ఫార్మసీ చదివే కూతురు లహరి రోజుకు నాలుగు వీడియోలు పంపింది. గోధుమ మానెయ్యమని ఒకటి, పాలు మానెయ్యమని ఒకటి, గోధుమా పాలూ మానేస్తే వచ్చే ప్రమాదాల గురించి ఇంకొకటి. నాలుగోది వ్యాయామం. అన్నం తిన్నాక నూరడుగులు నడవాలట. అన్నం తిన్నాక రంగనాయకమ్మ నడవకపోతే ఆ ఇంట్లో గిన్నెలు ఎవరు కడుగుతారో ఆ వీడియో చేసినామెకు తెలియదు.

ఆరో నెలకు కంచంలో మిగిలినవి తెల్లన్నం, మజ్జిగ, కాస్త ఉప్పు. అయినా దడ తగ్గలేదు. అప్పుడు అనుమానం కంచం మీదికి పోయింది. స్టీలు తీసేసి రాగి పెట్టారు. రాగి పనిచెయ్యలేదు. సిద్ధాంతి వచ్చి ఆమె పడమటి ముఖంగా తింటోందని కనిపెట్టాడు. తూర్పుకు తిప్పారు. తూర్పున గోడ ఉంది. పాపం, నెల రోజులు గోడను చూస్తూ మజ్జిగన్నం తిన్నది.

చూశారా, ఎన్ని లాభాలో! తొమ్మిది కిలోలు తగ్గింది. బరువు తగ్గడానికి పట్నాల్లో జనం జిమ్ముల్లో ఇనుము మొయ్యడం లేదూ? పలకరించడం మానేసిన చుట్టాలంతా ఫోన్లు చేశారు. అన్నింటినీ మించి, ఇరవై ఆరేళ్ళ కాపురంలో భార్య కంచంలోకి ఒక్కసారి కూడా తొంగిచూడని శ్రీమన్నారాయణ, ఇప్పుడు రోజూ సాయంత్రం నలుగురి ముందూ ఏం తిన్నావే అని అడుగుతున్నాడు. ఏ భార్యకు దక్కుతుందండీ ఈ గౌరవం?

రంగనాయకమ్మ మాత్రం ఈ అదృష్టాన్ని అనుభవించడం చేతకాని మనిషి. ఆమెకు భయం వేసేది. ముద్ద కలిపి చేతిలో పట్టుకుని, ఇది తింటే ఏమవుతుందో అని చూస్తూ ఉండిపోయేది. వందమందికి వండిపెట్టిన చేతికి తన నోట్లో ముద్ద పెట్టడం భయమైపోయింది. రిపోర్టులకు దొరకని పెద్ద జబ్బేదో లోపల ఉందనీ, ఏదో ఒక రోజు కంచం ముందే తల వాల్చేస్తాననీ అనుకునేది. ఒకసారి లహరికి ఫోన్‌లో, అమ్మ పోయిందని చదువు ఆపకు తల్లీ అని కూడా చెప్పింది. లహరి ఏడ్చి, ఇంకో రెండు వీడియోలు పంపింది.

ఇంతలో పంచాయతీ ఎన్నికలు వస్తున్నాయని కబురు తెలిసింది. శ్రీమన్నారాయణకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. భార్య పేరు మీద ఉచిత థైరాయిడ్ వైద్య శిబిరం!

స్కూలు గ్రౌండులో షామియానా వేశారు. నిలువెత్తు ఫ్లెక్సీ కట్టారు. ‘మా ఇంటి బాధ మరే ఇంటా వద్దు’ అని ఎర్రటి అక్షరాలు. పైన పెద్ద నాయకులు, మధ్యలో చేతులు జోడించిన శ్రీమన్నారాయణ, కింద మూలన ఏదో పెళ్ళిలో వడ్డిస్తూ దొరికిన రంగనాయకమ్మ ఫొటో. చేతిలోని గరిటె సగానికి కత్తిరించారు. నరసరావుపేట నుంచి ముగ్గురు డాక్టర్లు వచ్చారు. మూడు వందల మంది జనం. ఒకటో నంబరు టోకెన్ రంగనాయకమ్మది. భర్తే స్వయంగా రాయించాడు. అంత ప్రేమ!

తొమ్మిదింటికి మైకులో ఒకటో నంబరు పిలిచారు. డాక్టర్లకు ఇంటి దగ్గర టిఫిను ఏర్పాటు, ఆమె పెసరట్లు పోస్తోంది. పదకొండింటికి మళ్ళీ పిలిచారు. వంటమేస్త్రి పప్పులో ఉప్పు చూసి చెప్పమని కబురు పెడితే గాడిపొయ్యి దగ్గర ఉంది. ఒంటిగంటకు మూడోసారి పిలిచారు. అప్పటికి డాక్టర్లే ఆమె ఇంటికి భోజనానికి బయలుదేరారు. పేషెంటు డాక్టరు దగ్గరికి పోవడం పాత పద్ధతి, ఇక్కడ డాక్టర్లే పేషెంటు వంటింటికి వచ్చారు!

పెద్ద డాక్టరు గోంగూర మాంసం రెండోసారి వేయించుకుంటూ, ఈ జబ్బు మీకేనా అమ్మా, చూడ్డానికి నార్మల్‌గానే ఉన్నారే అన్నాడు. ఆమె పెరుగు వేసి పక్కకు తప్పుకుంది. శిబిరం సూపర్ హిట్ అని అందరూ శ్రీమన్నారాయణ చెయ్యి పట్టుకుని ఊపారు. మూడున్నరకు డాక్టర్ల కారు వెళ్ళిపోయింది. ఒకటో నంబరు టోకెను ఆమె కొంగుముడిలోనే ఉండిపోయింది.

నాలుగుంపావుకు రంగనాయకమ్మ పెరటి అరుగు మీద కంచం పెట్టుకుని కూర్చుంది. సరిగ్గా అప్పుడే గ్రేసమ్మ బీపీ మిషను పెట్టె అప్పగించి పోదామని పెరటి వైపు వచ్చింది. గ్రేసమ్మ ముప్పై ఏళ్ళు సర్కారు నర్సుగా పనిచేసి రిటైరైన మనిషి. శిబిరంలో పొద్దుట్నుంచి జనానికి బీపీ చూసింది ఆమే. కంచం వంక చూసింది, గోడ గడియారం వంక చూసింది, వచ్చి అరుగు మీద కూర్చుంది.

“ఇది ఎన్నో అన్నం?”

“మొదటిదేనక్కా.”

“మరి పొద్దున?”

పొద్దున బిళ్ల వేసుకున్నాననీ, గంట ఆగి కాఫీ తాగాననీ, పెసరట్లు ఆఖరికి మిగల్లేదనీ చెప్పింది రంగనాయకమ్మ. బీపీ చూస్తే తక్కువగా ఉంది. గ్రేసమ్మ ఆ పట్టీ విప్పుతూ, ఈ రోజంటే శిబిరం, మిగతా రోజుల్లోనో అని అడిగింది. వచ్చినవాళ్ళందరూ తిన్నాకనే, మూడో మూడున్నరో అవుతుందని జవాబు.

“ఈ పది నెల్ల నుంచీ ఇంతేనా?”

“ఇరవై ఆరేళ్ళ నుంచీ ఇంతేనక్కా.”

గ్రేసమ్మకు కోపం వచ్చింది. ఎవరి మీద చూపించాలో తెలియక బీపీ మిషను పెట్టె మూత గట్టిగా వేసింది.

“ఏం తిన్నావని ఊరంతా అడిగింది గానీ, ఎప్పుడు తిన్నావని ఒక్కడన్నా అడిగాడా? ఇన్నాళ్ళూ ఒళ్ళు మోసింది, ఇప్పుడు మొయ్యట్లా. బిళ్ల మానబాక. దడొచ్చినప్పుడు షుగరు చూపిచ్చుకో, పెద్ద డాక్టరుకు ఈ టైములన్నీ కాయితం మీద రాసి చెప్పు. దీనివల్లేనని నేననను, నేను డాక్టర్ని కాదు. కానీ పొద్దున ఎనిమిదింటికి టిఫిను, పన్నెండున్నరకల్లా అన్నం. ఎవురొచ్చినా సరే.”

ఎవరొచ్చినా సరే అన్న మాటకు రంగనాయకమ్మకు ఆ క్షణంలోనే దడ పుట్టింది. అది మాత్రం తిన్నందువల్ల వచ్చింది కాదు.

మర్నాడు పన్నెండున్నరకు షెడ్డులో మాచవరం నుంచి వచ్చిన ఐదుగురు పెద్దమనుషులు ఉన్నారు. భోజనాలు పెట్టమని శ్రీమన్నారాయణ కేకేశాడు. కంచాలు రాలేదు. లోపలికి వచ్చి చూస్తే రంగనాయకమ్మ హాల్లో బల్ల దగ్గర కూర్చుని, పప్పూ వంకాయా కలుపుకుని, నిదానంగా తింటోంది. గోడకు వీపు పెట్టి కూర్చుంది. ఇదేంది, బయట మనుషులున్నారని ఆయన గుర్తుచేశాడు. తిన్నాక పెడతానంది. ఆ ఇంట్లో ఆ మాట ఇంతకు ముందు ఎవరూ వినలేదు. గిన్నెలు అక్కడే ఉన్నాయి, గరిటెలు అక్కడే ఉన్నాయి, రెండు చేతులూ ఆయన దగ్గరే ఉన్నాయి. అయినా వడ్డించుకోవచ్చన్న ఆలోచన తాత కాలం నుంచీ ఆ వంశంలో ఎవరికీ రాలేదు.

ఆమె తినడం అయింది. అరగంట అలాగే కూర్చుంది. తిన్నాక ఎలా ఉందో చూసి రాసుకోమని గ్రేసమ్మ చెప్పింది మరి. చెయ్యి గుండె మీద పెట్టుకుని గడియారం చూస్తూ కూర్చుంది. కాస్త దడ వచ్చింది, కాస్త చెమట పట్టింది, కానీ కళ్ళు మూతలు పడలేదు. పది నెలల్లో మొదటిసారి భయం లేకుండా వేలు నాక్కుంది. సంతోషంతో ఆమెకు ఏడుపు వచ్చినంత పనైంది.

ఒంటిగంటన్నర దాటాక శ్రీమన్నారాయణ గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. ముఖమంతా చెమట.

“గుండె దడగా ఉందే. చేతులు వణకతన్నయ్, కళ్ళు తిరగతన్నయ్. నాగ్గూడా థైరాయిడ్ వచ్చిందేమో.”

“నీకొచ్చింది థైరాయిడ్ కాదయ్యా, ఆకలి.”

ఆయన నమ్మలేదు. నమ్మితే ఇన్నాళ్ళ వైభవం ఏమైపోవాలి? మర్నాడు పొద్దున్నే పరగడుపున రక్తం ఇచ్చి రావడానికి నరసరావుపేట బయలుదేరాడు. సూది తీసిన మరుక్షణమే తినడానికి డజను ఇడ్లీలు కట్టించుకుని మరీ వెళ్ళాడు. రంగనాయకమ్మ ఆ ఇడ్లీలు తను తిన్నాకే కట్టింది.