నల్ల బీరుకు ముక్కు పరీక్ష

హోసూరులో మా కులపోళ్ల కల్యాణమండపం అంటే గంగాజలంతో కడిగిన చోటు! ఈ మాట నాది కాదు, మండపం అధ్యక్షుడు వెంకటరామప్పది. బట్టల వ్యాపారి. ప్రతి మీటింగులోనూ మైకు పట్టుకొని ఇదే చెప్తాడు. నేను సెక్రటరీని. తల ఊపడం నా డ్యూటీ.

2005లో ఇదే మండపంలో జరిగిన ఒక సూళగిరోళ్ల పెండ్లిలో ఆ పవిత్రతకు చిల్లు పడింది. బెంగళూరు నుంచి వచ్చిన పెండ్లికొడుకు స్నేహితులు ఫ్లాస్కుల్లో నల్ల బీరు తెచ్చి, పాలు లేని కాఫీ అని చెప్పి, బంతిలో కూర్చొని తాగినారు. పెండ్లికొడుకు తాత బాగుందని ఇంకో లోటా పోయించుకున్నాడంట.

అంతలో మండపం అధ్యక్ష పదవికి ఎలక్షన్ వచ్చింది. పోటీకి ఈశ్వరప్రసాద్ దిగినాడు. ఫ్యాక్టరీలో మేనేజరు, శనివారమైతే బెంగళూరు బస్సెక్కే మనిషి. వెంకటరామప్పకు గుండె జారింది. పెండ్లిపత్రికల్లో పేరు, బంతిలో మొదటి ఆకు, అన్నీ ఆ కుర్చీతోనే కదా. బాగా ఆలోచించి ఒక తీర్మానం తెచ్చినాడు. పోటీదారు ముందర మూడు రకాల నల్ల బీరు పెట్టాల. నాలుకకు తగలకూడదు. వాసన చూసి, రంగు చూసి పేరు చెప్పినోడు తాగుబోతు, కాబట్టి అనర్హుడు. చెప్పలేనోడు నిప్పు. వాడు అబద్ధం చెప్తే ఎట్లని నేను అడిగితే, తెలిసినోడు నోరు కట్టుకోలేడప్పా అని నవ్వినాడు. తీర్మానం ఏకగ్రీవం!

సభ రోజు ఆఫీసు గదిలో గ్లాసుల్లో పోసింది నేనే. ఏది ఏదో నాకొక్కడికే తెలుసు.

ఈశ్వరప్రసాద్ మొదటి గ్లాసు వాసన చూసి టీ డికాషన్ అన్నాడు. రెండోది కాఫీ, కొంచెం మాడింది అన్నాడు. మూడోది వెలుతురుకు ఎత్తి చాలాసేపు చూసి, బెల్లం పానకం అన్నాడు. జనం చప్పట్లు కొట్టినారు.

వెంకటరామప్ప డికాషన్ దగ్గర గొంతు సవరించుకున్నాడు. కాఫీ దగ్గర కుర్చీ అంచుకు జరిగినాడు. పానకం అనేసరికి తట్టుకోలేక లేచేసినాడు.

“పానకమా? ఆ నురుగు చూడప్పా, పానకానికి అట్లా నురుగు యాడైనా నిలుస్తుందా? అది స్టౌట్ బీరు!”

అంతే, మైకు లాక్కున్నాడు. మొదటిది డుంకెల్ అంట, రాగిచెంబు రంగు, కాల్చిన రొట్టె వాసన. రెండోది పోర్టర్ అంట. ఏది బాగా చల్లగా తాగాల, దేన్ని కాసేపు బయటపెట్టి తాగాల, అదీ చెప్పినాడు. చెప్తా చెప్తా కండ్లు మూసుకున్నాడు. తెరిచేసరికి హాలంతా నోరు తెరుచుకొని చూస్తా ఉంది. ఆయన భార్య జయలక్ష్మమ్మ ముందు వరసలోనుంచి లేచి వచ్చి, మూడో గ్లాసు వాసన చూసింది.

“షుగరుకు కషాయం అని మన ఫ్రిజ్జులో పెట్టించింది ఇదేనా?” అని మెల్లగానే అడిగింది. మైకు ఆన్‌లోనే ఉండింది.

ఈశ్వరప్రసాద్ ఏకగ్రీవంగా గెలిచినాడు. మండపం పవిత్రతను కాపాడతానని ప్రమాణం చేసినాడు. నాకూ కండ్లలో నీళ్లు తిరిగినాయి. మాల మెడలో ఉండంగానే నన్ను పక్కకు పిలిచి, భుజం మీద చెయ్యి వేసినాడు.

“పాపం, పెద్దాయన రెండోదీ మూడోదీ తారుమారు చేసేసినాడప్పా. మూడోది వెలుతురుకు ఎత్తితే అంచు ఎర్రగా కనిపించలేదూ? అది పోర్టర్.”

పోసినవాణ్ణి నేను. ఆయన చెప్పిందే రైటు.